సంఘమంతా పాడాలంటే: కొత్త పాటను అందరి నోటా పలికించడం ఎలా?

"మా మందిరంలో కీబోర్డు ఉంది, ప్యాడ్స్ ఉన్నాయి, బాగా పాడే నలుగురు ఉన్నారు. కింద కూర్చున్నవాళ్లు మాత్రం నోరు విప్పరు. ఏం చేయాలి?" నర్సంపేట, పరకాల, జనగామ, మహబూబాబాద్ వైపు క్రైస్తవ సంఘాల్లో పాటల బాధ్యత చూసేవారు ఎక్కువగా అడిగేది ఇదే. కొందరు దీనికి భక్తి తగ్గిపోయిందని కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. తొందరపడకండి. చాలా చోట్ల జనం పాడకపోవడానికి కారణం భక్తి కాదు. పాట శ్రుతి వాళ్ల గొంతుకు అందదు. అందినా, స్పీకర్ల హోరులో ఎవరి గొంతు వారికే వినపడదు. పైగా ఈ వారం సగం నేర్చుకున్న పాట వచ్చే వారం ఉండదు, దాని స్థానంలో ఇంకో కొత్త పాట వస్తుంది.

సంఘమంతా పాడటం ఎందుకు అనే చర్చ ఇక్కడ పెట్టను, ఒక్క విషయం చాలు. కొలస్సయులకు రాసిన పత్రిక 3:16లో పౌలు కీర్తనలతోను సంగీతములతోను ఒకరికొకరు బోధించుకోవాలని చెప్పాడు. ఒకరికొకరు అన్నాడు గానీ, వేదిక మీది నలుగురు కింద ఉన్న వందమందికి అనలేదు. నాలుగో శతాబ్దంలో లవొదికయలో కూడిన సంఘ పెద్దల సభ నియమిత గాయకులు తప్ప ఇతరులు ఆలయంలో పాడకూడదని కట్టడి చేసింది. 1524లో లూథర్ అనుచరులు జర్మన్ భాషలో పాటల పుస్తకాలు అచ్చువేసి పాటను మళ్లీ జనం చేతికి ఇచ్చారు. 1963లో కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ కూడా ఆరాధనలో ప్రజలు చురుకుగా పాల్గొనాలని చెప్పింది. మన దగ్గర పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలు చదువురాని జనానికి కూడా చెవి ద్వారానే చేరాయి. కింద రాసింది ఆ పాత పద్ధతే, ఈనాటి మైకులకూ తెరలకూ సరిపడేలా.

కావలసినవి

- ఒక్క పాట. రెండు కాదు.
- శ్రుతి కోసం హార్మోనియం లేదా కీబోర్డు. ఏదీ లేకపోతే ఫోనులో తంబూర యాప్.
- పాట అందించడానికి ఒక స్త్రీ, ఒక పురుషుడు. గొప్ప గాయకులు కానక్కర్లేదు. శ్రుతి తప్పకుండా, మాట స్పష్టంగా పలికేవారైతే చాలు.
- తాళానికి డోలక్ లేదా కంజీర. లేకపోతే చప్పట్లు.
- వరుసగా నాలుగు ఆదివారాలు, ఆరాధనకు ముందు పది నిమిషాల చొప్పున.
- పాస్టరు గారి ఒప్పుదల. ఆ పది నిమిషాల్లో ప్రకటనలు చదవకుండా ఉంటారన్న మాట కూడా తీసుకోండి. అదే కష్టం.

1. పాటను ఎంచుకోండి

పల్లవి చిన్నదిగా ఉండాలి, ప్రతి చరణం తర్వాత అదే తిరిగి రావాలి. 136వ కీర్తన చూడండి. ఇరవయ్యారు వచనాలు, ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును" అనే ఒకే మాట. చదువు రాకపోయినా రెండో వచనానికల్లా ఎవరైనా అందుకుంటారు. ఆ కట్టుబాటు ఉన్న పాటలు వెతకండి.

పాట మొత్తంలో అతి కింది స్వరానికీ అతి పై స్వరానికీ మధ్య పది, పదకొండు స్వరాలకు మించి దూరం ఉంటే అది గాయక బృందం పాడాల్సిన పాట. వాళ్లనే పాడనివ్వండి, సంఘం వింటుంది. అందులో తప్పేమీ లేదు. ప్రతి పాటా అందరూ పాడాలని పట్టుబట్టనక్కర్లేదు.

సినిమా వరస మీద కట్టిన పాట తొందరగా వస్తుందని ఆశపడేవారున్నారు. వస్తుంది, నిజమే. దానితోపాటు ఆ సినిమా దృశ్యమూ వస్తుంది. ప్రభురాత్రి భోజనం ముందు అది అవసరమా అని ఆలోచించుకోండి.

2. మాటలు సరిచూడండి

ఒకే పాట ఒక్కో పుస్తకంలో ఒక్కో నంబరుతో, ఒక్కోసారి ఒక మాట తేడాతో, చరణాల వరుస మారి ఉంటుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనే పాత ముద్రణ ఒకరి చేతిలో, కొత్త ముద్రణ ఇంకొకరి చేతిలో ఉండవచ్చు. ఫోనులో చూసి పాడేవారి దగ్గర మూడో పాఠం ఉంటుంది. ముందే ఒక పాఠం నిర్ణయించి, అదే తెర మీదా, అదే జిరాక్సు కాగితాల మీదా పెట్టండి. మూడు చరణాలు చాలు. ఏడు చరణాల కీర్తన అయితే అర్థం తెగకుండా ఏవి ఉంచాలో పాస్టరు గారిని అడగండి. మొదటి మూడూ ఉంచి చివరివి కోసేస్తే కొన్ని కీర్తనల్లో క్రీస్తు సిలువ దగ్గరే ఉండిపోతాడు, పునరుత్థానం దాకా రాడు.

3. శ్రుతి పెట్టండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి నిదానంగా చదవండి.

యూట్యూబ్‌లో విన్న శ్రుతిలోనే పాట ఎత్తుకోవడం మన అలవాటు. ఆ రికార్డులో పాడినవారు సాధన చేసిన గాయకులు. మీ సంఘంలో పాడేది వారమంతా పొలంలో, దుకాణంలో, ఆటోలో పనిచేసి వచ్చిన గొంతులు. వారికి హాయిగా అందే పై హద్దు సుమారుగా 'డి' స్వరం, అంటే హార్మోనియం మీద రెండో తెల్ల మెట్టు. పురుషుల కంటే స్త్రీలకు ఒక స్థాయి (ఆక్టేవ్) పైన, కానీ స్వరం అదే. కింది హద్దు 'ఎ' అనుకోండి.

ఇప్పుడు పాటలో ఎత్తయిన చోటు ఏదో పట్టుకోండి. సాధారణంగా అది చరణం మూడో పాదంలోనో అనుపల్లవిలోనో ఉంటుంది, పల్లవిలో ఉండదు. పల్లవి చూసి శ్రుతి నిర్ణయించేవారు చరణంలో బోల్తా పడేది అందుకే. లెక్క ఇలా వేయండి:

- పాట తార షడ్జం దగ్గర ఆగితే: 2 శ్రుతి, అంటే 'డి' దాకా పెట్టవచ్చు.
- తార స్థాయి చతుశ్శ్రుతి రిషభాన్ని ముట్టుకుంటే: 1 శ్రుతి, అంటే 'సి'.
- తార స్థాయి అంతర గాంధారం దాకా వెళితే: ఆరున్నర శ్రుతి, అంటే 'బి ఫ్లాట్'.

స్వరాల పేర్లు తెలియకపోతే దిగులు లేదు. ఎత్తయిన ఆ మాటను కీబోర్డు మీద వెతికి పట్టుకోండి. అది 'డి' దాటి ఉంటే, 'డి' మీదికి వచ్చేదాకా ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతూ కిందికి దించండి. అయిపోయింది.

జాగ్రత్తలు రెండు. తెల్లవారుజామున ఐదింటికి జరిగే ఈస్టరు ఆరాధనకు అదే పాటను ఇంకో అర మెట్టో ఒక మెట్టో దించాలి, అప్పుడే నిద్ర లేచిన గొంతు పైకి పోదు. మిర్చి ఏరే రోజుల్లోనూ అంతే. వారమంతా కల్లాల్లో ఆ ఘాటు పీల్చి వచ్చినవారి గొంతు గరగరమంటుంది. పాట మధ్యలో దగ్గు వస్తే ఇబ్బందని చాలామంది అసలు ఎత్తుకోనే ఎత్తుకోరు.

శ్రుతి దించితే పాటలో ఊపు పోతుందని కీబోర్డు వాయించే తమ్ముళ్లు అభ్యంతరం చెబుతారు. వేదిక మీద కొంచెం పోతుంది కూడా. కింద నుంచి వచ్చే గొంతుల సంఖ్యతో అది తిరిగి వస్తుంది. నాలుగు వారాలు ఓపిక పట్టమనండి.

4. తాళం సరిచేయండి

కీబోర్డులో ముందే నింపి ఉన్న రిథమ్‌లు ఎక్కువగా నాలుగు లెక్కకో ఆరు లెక్కకో సరిపోతాయి. పాత కీర్తనల్లో చాలావాటి నెత్తిన రాగమూ తాళమూ రాసి ఉంటాయి, అందులో త్రిపుట అని కనిపిస్తే ఏడు లెక్క. ఏడు లెక్క కీర్తనను ఎనిమిది లెక్క రిథమ్‌లో పడేస్తే ప్రతి పాదం చివరా ఒక లెక్క ఖాళీ మిగులుతుంది. పెద్దవాళ్లు అలవాటు ప్రకారం ముందే తర్వాతి మాట ఎత్తుకుంటారు, వాయిద్యం ఇంకా రాదు. రెండుసార్లు ఇలా జరిగితే ముసలమ్మలు నవ్వుకుని నోరు మూసుకుంటారు. వాళ్లది తప్పు కాదు, ఆ పాట వాళ్లకే సరిగ్గా వచ్చు.

ఏం చేయాలంటే, రిథమ్ ఆపేయండి. "తకిట తకధిమి, తకిట తకధిమి" అని నోటితో అంటూ 'త' పడిన చోటల్లా చప్పట్లు కొట్టండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. డోలక్ వాయించేవారు దీన్ని ఇట్టే పట్టుకుంటారు.

వేగం విషయంలో ఒకటే పరీక్ష. పాదం చివర ఊపిరి తీసుకోవడానికి సమయం దొరుకుతోందా? దొరకకపోతే తగ్గించండి. నిమిషానికి 70–80 దెబ్బల దగ్గర మొదలుపెడితే చాలా పాటలకు సరిపోతుంది. రేకుల కప్పు ఉన్న పెద్ద మందిరంలో శబ్దం గింగురుమంటుంది కాబట్టి ఇంకొంచెం నెమ్మది మంచిది.

5. ముందు కొద్దిమందికి నేర్పండి

ఆదివారం అందరి ముందూ పెట్టడానికి ముందే పాట కొందరికి వచ్చి ఉండాలి. వారంలో జరిగే ఉపవాస ప్రార్థనకు వచ్చే స్త్రీలు, ఆదివారపు బడి పిల్లలు దీనికి సరైనవారు. ఉపవాస ప్రార్థనలో చాలా చోట్ల వాయిద్యాలు ఉండవు, కాబట్టి గొంతుతోనే నేర్చుకుంటారు. పిల్లలు ఇంట్లో వందసార్లు పాడి తల్లిదండ్రులకు అంటిస్తారు.

వీళ్లను ఆదివారం వేదిక ఎక్కించకండి. నేర్చుకున్నవారు చాపల మీద, కుర్చీల్లో, జనం మధ్య అక్కడక్కడా కూర్చోవాలి. పక్కన ఒక గొంతు నమ్మకంగా పాడుతుంటేనే రెండో గొంతు లేస్తుంది.

6. మొదటి ఆదివారం: పాదం పాదం అందించండి

వాయిద్యాలన్నీ ఆపండి. శ్రుతి ఒక్కటే మోగాలి. పాట అందించే అక్క, "అమ్మా, అయ్యా, ముందు వినండి. తర్వాత నాతో కాదు, నా తర్వాత పాడండి" అని చెప్పి పల్లవి మొత్తం ఒక్కసారి పాడాలి.

తర్వాత మొదటి పాదం మాత్రమే. పాడేటప్పుడు అరచేయి తన గుండె వైపు, పాదం అయిపోగానే అరచేయి జనం వైపు. ఆ సైగ చాలు, మాటలు వద్దు. జనం పాడుతున్నప్పుడు అందించేవారు తప్పనిసరిగా నోరు మూసుకోవాలి, మైకు కిందికి దించాలి. చాలామందికి చేతకానిది ఇదే. జనం గొంతు సన్నగా రాగానే భయపడి తామే పాడేస్తారు. దాంతో జనం, "సరే, వాళ్లే పాడుతున్నారుగా" అని ఆగిపోతారు. మొదటిసారి సన్నగానే వస్తుంది. రానివ్వండి.

తప్పు వస్తే ఎవరినీ చూపించకండి, తప్పని కూడా అనకండి. అదే పాదాన్ని ఇంకోసారి కొంచెం నెమ్మదిగా పాడి అందించండి. పాదం పొడుగైతే అర్థం తెగే చోట విరవండి, ఊపిరి అయిపోయిన చోట కాదు. రెండు పాదాలు విడివిడిగా వచ్చాక కలిపి పాడించండి. ఆ రోజుకు పల్లవి, మొదటి చరణం, అంతే. పది నిమిషాలు దాటకూడదు.

ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే ఈ తీరు మన ప్రాంతపు స్త్రీలకు కొత్త కాదు. నాట్ల పాటల్లో, బతుకమ్మ పాటల్లో వాళ్లు విని పెరిగింది ఇదే. మందిరంలోకి రాగానే పుస్తకం చూసి పాడాలి అనేసరికి వెనక్కి తగ్గుతారు. పుస్తకం పక్కన పెట్టి పాట అందించి చూడండి, మీ గాయక బృందం కంటే వాళ్లే ముందుంటారు.

పాత కీర్తనైతే ఇంకో సదుపాయం ఉంది. చాలావాటిలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకటే ఉంటుంది, అదే ప్రాస. అందించేటప్పుడు ఆ అక్షరాన్ని కొంచెం ఒత్తి పలకండి. తర్వాతి పాదం ఎత్తుగడ జనానికి దానంతట అదే గుర్తొస్తుంది.

7. తర్వాతి మూడు ఆదివారాలు

రెండో ఆదివారం పల్లవి, మొదటి చరణం మళ్లీ చెప్పి రెండో చరణం కలపండి. డోలక్ చేర్చండి.

మూడో ఆదివారం మూడో చరణం నేర్పి, ఆరాధన మధ్యలోనే ఆ పాట పెట్టండి. కానుకల సమయంలో వద్దు. అప్పుడు చేతులు జేబుల్లో, కొంగుముడుల్లో ఉంటాయి, కళ్లు సంచి వైపు ఉంటాయి.

నాలుగో ఆదివారం పాటతోనే ఆరాధన మొదలుపెట్టండి. చివరి పల్లవిలో వాయిద్యాలన్నీ ఆపేసి గొంతులే వినిపించండి.

ఈ నాలుగు వారాల్లో ఇంకో కొత్త పాట తేవద్దు. ఎవరైనా ఉజ్జీవ సభల నుంచి కొత్త పాట పట్టుకుని వస్తే, "తర్వాత వంతు దీనిదే" అని సంతోషంగా చెప్పి ఆపండి. అలాగే డిసెంబరులో ఈ పని మొదలుపెట్టకండి. క్రిస్మస్ పాటల హడావుడిలో ఏదీ నిలవదు.

8. శబ్దం, తెర

పాట నడుస్తుండగా మీరే వెళ్లి స్త్రీల వైపు చివరి వరుసలో కూర్చోండి. పక్కవారి గొంతు వినిపిస్తోందా? స్పీకరు ఒక్కటే వినిపిస్తే శబ్దం తగ్గించండి, పక్కవారు వినపడేదాకా తగ్గించండి. ముందు ప్యాడ్స్, తర్వాత కీబోర్డు, చివరగా మైకులు. అందించే ఇద్దరివి తప్ప మిగతా పాటల మైకులు ఆపేయవచ్చు.

తెర వాడేవారికి కొన్ని మాటలు. ఒకసారికి నాలుగు పాదాలే పెట్టండి. తెలుగులో వత్తులు కలిసిపోతే దూరం నుంచి చదవలేరు, కాబట్టి పాదాల మధ్య ఎడం ఎక్కువ ఉంచండి. నల్లటి నేపథ్యం మీద తెల్లని అక్షరాలు చాలు, వెనక జలపాతాలు అక్కర్లేదు. చివరి పాదంలో ఇంకా రెండు మాటలు ఉండగానే తెర మార్చాలి, పాదం అయిపోయాక మారిస్తే ఎత్తుగడ పోతుంది. డీటీపీ దుకాణంలో అను ఫాంటులో కొట్టించిన పాట మందిరం ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో కొట్టించండి, లేదా పీడీఎఫ్‌గా తెచ్చుకోండి. శనివారం రాత్రే ఒకసారి తెరిచి చూడండి.

కరెంటు పోయినా, రేకుల మీద వాన దంచినా మైకుతో పోటీ పడకండి. బాగా వచ్చిన పల్లవులు మాత్రం చప్పట్లతో పాడించండి.

తరచూ జరిగే పొరపాట్లు

"ఇంకా గట్టిగా! నాకు వినపడటం లేదు!" అని మైకులో అరవడం. ఇది మానేస్తేనే సగం మేలు జరుగుతుంది. గద్దిస్తే మొహమాటానికి ఒక్క పల్లవి గట్టిగా పాడి మళ్లీ మామూలైపోతారు.

పల్లవిని ఎనిమిదిసార్లు తిప్పడం. మూడోసారికి జనం మనసు పాట మీద ఉండదు, గడియారం మీద ఉంటుంది.

గమకాలు, ఆలాపనలు. అందించేవారు ప్రతిసారీ పాదాన్ని ఒకేలా పాడాలి. ఒకసారి సాదాగా, ఇంకోసారి సంగతులు వేసి పాడితే ఏది అందుకోవాలో జనానికి తెలియదు. మీ విద్య చూపించుకోవడానికి ప్రత్యేక గీతం ఉండనే ఉంది.

పురుషుడు ఒక్కడే అందించడం. అతని గొంతు స్థాయిలో పాడాలో పై స్థాయిలో పాడాలో తేలక స్త్రీలు కొందరు మధ్యలో వేలాడతారు. అందుకే మొదట్లో ఒక స్త్రీ, ఒక పురుషుడు అన్నాను. ఒక్కరే దొరికితే స్త్రీ గొంతును ఎంచుకోండి. మన సంఘాల్లో ఎక్కువ మంది వాళ్లే.

పాట మధ్యలో ప్రసంగం. చరణానికీ చరణానికీ మధ్య రెండు నిమిషాలు మాట్లాడితే శ్రుతి చెవిలోంచి జారిపోతుంది. అర్థం చెప్పాలంటే పాటకు ముందే చెప్పండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగో ఆదివారం ఒక చరణం తర్వాత పల్లవి ఎత్తుకుని, రెండో మాట దగ్గర ఆగిపోండి. పల్లవి దానంతట అదే చివరిదాకా నడిస్తే పాట వచ్చినట్టు. కుంటుపడితే ఐదో ఆదివారం కూడా నేర్పండి.

ఫోనును చివరి వరుసలో పెట్టి రికార్డు చేయండి. వేదిక దగ్గర చేసిన రికార్డు మిమ్మల్ని మోసం చేస్తుంది. రికార్డు విన్నప్పుడు రెండో చరణం మూడో పాదం మీద చెవి పెట్టండి. అక్కడ గొంతులు సన్నబడితే శ్రుతి ఇంకా ఎక్కువే ఉందని అర్థం. పల్లవిలో గట్టిగా, చరణంలో గొణుగుడుగా ఉంటే మాటలు రాలేదని అర్థం. రెండింటికీ మందు వేరు, కలపకండి.

చదువురాని ఒకరిద్దరిని, పిల్లలను ఇద్దరిని పిలిచి పాట మాటలు చెప్పమనండి, పాడమనవద్దు. "పాపిని" అన్నచోట పిల్లలు "పాపను" అంటున్నారేమో అప్పుడే బయటపడుతుంది. నవ్వకుండా, వచ్చే ఆదివారం ఆ ఒక్క పాదాన్ని నిదానంగా అందించండి.

మీ పరిస్థితి వేరైతే

*తండాలో సంఘమైతే:* ఇంట్లో లంబాడీ మాట్లాడే పెద్దవారికి తెలుగు పాట వరస వస్తుంది గానీ మాట నోరు తిరగదు. పాట భావాన్ని ముందు లంబాడీలో రెండు వాక్యాల్లో చెప్పించండి. పల్లవిని వాళ్లే తమ మాటలో కట్టుకుంటామంటే అడ్డు చెప్పకండి. చరణాలు తెలుగులో, పల్లవి లంబాడీలో ఉన్నా ఆరాధనకు లోటు ఉండదు.

*కతోలిక విచారణ (పారిష్) అయితే:* కాజీపేట ఫాతిమానగర్ పీఠాలయం అయినా, ఉపదేశి నడిపే చిన్న గ్రామ సంఘమైనా మొదట నేర్పాల్సింది కొత్త పాట కాదు. పూజలో ప్రజల వంతుగా వచ్చే జవాబులు, మొదటి పఠనం తర్వాత కీర్తనలో వారు అందుకునే పల్లవి. అవి ప్రతి వారం వస్తాయి కాబట్టి నాలుగు వారాలు కూడా పట్టదు. ఆ తర్వాత ప్రవేశ గీతం మొదలుపెట్టండి.

*పదిమంది గృహ ప్రార్థన అయితే:* మైకు వద్దే వద్దు. వలయంగా కూర్చోండి. ఒక్కొక్కరు ఒక్కో చరణం ఎత్తుకోవాలి, పల్లవి అందరిదీ. సిగ్గుపడేవారికి చిన్న చరణం ఇవ్వండి.

*వాయించేవారు ఎవరూ లేకపోతే:* అది లోటనుకోకండి. ఫోనులో కరోకే ట్రాక్ పెట్టి దాని వెనక పరుగెత్తడం మాత్రం వద్దు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. తంబూర శ్రుతి, చప్పట్లు చాలు.

పాటల చిట్టా రాయండి

ఒక మామూలు నోటు పుస్తకంలో పాట మొదటి మాటలు, మీ సంఘానికి కుదిరిన శ్రుతి, తాళం, నేర్పిన తేదీ రాయండి. కీబోర్డు వాయించే కుర్రవాడు హైదరాబాదుకు ఉద్యోగానికి వెళ్లిపోయినా శ్రుతి పుస్తకంలో ఉంటుంది. ఏడాదికి ఆరు పాటలు నేర్పితే ఎక్కువే. మూడు నెలలకోసారి పాతవి తిరగేసి, ఎవరూ ఎత్తుకోని పాట ఉంటే ఇంకో ఆదివారం దానికి ఇవ్వండి.

ఆ పుస్తకంలో ఒక పేజీ వేరుగా పెట్టి, పుస్తకం గానీ తెర గానీ లేకుండా సంఘానికి పూర్తిగా వచ్చిన పాటలు మాత్రమే అందులో రాయండి. భూస్థాపన సమయంలో శ్మశానంలో మైకు ఉండదు, ఎవరి చేతిలోనూ పుస్తకం ఉండదు, అక్కడ పనికొచ్చేది ఆ పేజీయే. అందులో నిరీక్షణను గురించిన పాటలు కనీసం మూడు లేకపోతే, తర్వాత నేర్పే పాట అక్కడి నుంచే మొదలుపెట్టండి.